ముగ్గు మడిస్తే ఎన్ని గీతలు?

సంక్రాంతి పొద్దున బాన్సువాడలో ఏ గల్లీలో నడిచినా కాళ్ల కింద జామెట్రీయే. అయినా ఆ ముగ్గులేసిన పిల్లల్లో చాలామంది మాకు లెక్కలు రావంటారు.

మా అక్క కూతురూ అంతే. ఏడో తరగతి. దీర్ఘచతురస్రానికి సౌష్ఠవ రేఖలు నాలుగని రాసింది, ఇంటూ పడింది. "అడ్డం, నిలువు, రెండు కర్ణాలు... నాలుగే కదా మామా? నాకు లెక్కలు రానే రావు."

కర్ణం దీర్ఘచతురస్రాన్ని రెండు సమాన ముక్కలు చేస్తుంది, నిజమే. కానీ సమానమైతే చాలదు. ఆ గీత మీద మడిస్తే ఒక సగం రెండోదాని మీద అచ్చంగా కూర్చోవాలి. పది రూపాయల నోటును కర్ణం వెంబడి మడిచి చూడండి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. కాబట్టి రెండే. చతురస్రానికి నాలుగు. సమాంతర చతుర్భుజానికి మామూలుగా ఒక్కటీ లేదు. మనం ఈ అంకెలు బట్టీ పడతాం గానీ కాగితం మడవం, అదీ గొడవ.

ఇక ముగ్గు. ఏడు చుక్కలు, సరి చుక్క, ఒకటి వచ్చేదాకా: మొత్తం 25 చుక్కలు. మూల మీద నిలబెట్టిన చతురస్రం, రేఖలు 4. అవే ఏడు సందు చుక్కగా ఒకటి దాకా పెడితే 49 చుక్కలు, రాంబస్, రేఖలు 2. సందు చుక్కనే నాలుగు దగ్గర ఆపితే 37 చుక్కల షడ్భుజి, రేఖలు 6! అయితే చుక్కల మధ్య 10 సెంటీమీటర్లుంటే వరసల మధ్య సుమారు 8.7 ఉండాలి. అక్కడా 10 పెడితే షడ్భుజి సాగిపోయి రేఖలు రెండుకి పడిపోతాయి. నాలాంటివాడు కోడ్ రాయాలంటే దీనికి మూడు వర్గమూలం కావాలి. లెక్కలు రాని మా పిల్ల వరసల్ని కాస్త దగ్గరగా, కంటి చూపుతోనే పెట్టేస్తుంది.

చుక్కలకున్న రేఖలన్నీ ముగ్గుకి ఉండాలని లేదు. గాలిపంకాలా ఒకే వైపు తిరిగే మెలికల ముగ్గుని ఎటు మడిచినా కలవదు, తిప్పితే మాత్రం కలుస్తుంది. అది భ్రమణ సౌష్ఠవం. డౌటుంటే పైనుంచి నిటారుగా ఫొటో తీసి, గ్యాలరీలో ఫ్లిప్ కొట్టండి. బొమ్మ మారకపోతే నిలువు రేఖ ఉన్నట్టే.

రంగులద్దాక మళ్లీ లెక్కపెట్టాలి. అశోక చక్రానికి 24 ఆకులు, రేఖలూ 24. మొత్తం జెండాకి? పైన కాషాయం, కింద ఆకుపచ్చ కాబట్టి అడ్డంగా మడిస్తే కలవదు. నిలువుగా ఒక్కటే.