ఈనగాచిన తరువాత

నగరంలోని జంతు ప్రదర్శనశాలలో పులి ఈనిందంటే ఆ వార్తకు పత్రికలలో తప్పక చోటు దొరుకుతుంది. తల్లి పొట్టను ఆనుకొని పడుకున్న కూనల చిత్రాన్ని చూసి పెద్దలు సైతం చిరునవ్వు నవ్వుకుంటారు. ఆదివారం ఎప్పుడు వస్తుందా అని పిల్లలు ఎదురుచూస్తారు. కూనలకు పేర్లు పెట్టే వేడుక జరుగుతుంది. ఆ వెంటనే కొత్త ఆవరణలను గురించి, కొత్త సఫారీలను గురించి, దూరదేశాల నుండి రాబోయే జంతువులను గురించి ప్రకటనలు వెలువడతాయి. ఈ సంతోషాన్ని తప్పుపట్టవలసిన అవసరం లేదు. పసిప్రాణిని చూసి ముచ్చటపడటం మనిషికి సహజం. అయితే ఆ ముచ్చటతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా మనకు కలగాలి. ఈ కూన ఎందుకు పుట్టింది? రేపు ఎక్కడ పెరుగుతుంది? ఎక్కడ ముసలిదవుతుంది? జంతు ప్రదర్శనశాల భవిష్యత్తును గురించి ఆలోచించేవారు ముందుగా సమాధానం చెప్పవలసినది ఈ ప్రశ్నలకే.

“ఈనగాచి నక్కల పాలు చేసినట్లు” అని మనకొక సామెత ఉంది. పశువు ఈనేదాకా రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉండి, తీరా ఈనిన తరువాత ఏమరుపాటున దూడను నక్కలకు వదిలివేసిన వారిని గురించిన మాట అది. అంతవరకు పడిన శ్రమకు సార్థకత కలిగేది ఆ తరువాత వహించే జాగ్రత్తతోనే అని దాని భావం. పశువుల పాకలో పుట్టిన ఈ సామెత నేటి జంతు ప్రదర్శనశాలకు కూడా చక్కగా వర్తిస్తుంది.

పులి మూడున్నర నెలలు చూలు మోస్తుంది. పుట్టినప్పుడు కూన బరువు సుమారు ఒక కిలో మాత్రమే. కళ్ళు తెరవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మనం మురిసిపోయి చూసే ఆ పసితనం కొన్ని నెలలలోనే గడిచిపోతుంది. ఆ తరువాత జంతుశాలలోని పులి పదిహేనేళ్ళకు పైగా బతకవచ్చు. అడవిలోనైతే రెండేళ్ళ ప్రాయం వచ్చేసరికి పులిపిల్ల తల్లిని విడిచి సొంత తావును వెదుక్కుంటూ వెళ్ళిపోతుంది. ఒక్కొక్క పులి తిరిగే తావు విస్తీర్ణం పదుల చదరపు కిలోమీటర్లు. జంతుశాలలో ఆ వెదుకులాటకు అవకాశం లేదు; తావు చూపవలసినవారు మనుషులే. పైగా పులి ఒంటరిగా జీవించే జంతువు. ఒక కాన్పులో మూడు కూనలు పుట్టాయంటే, అవి పెద్దవైన తరువాత మూడింటికీ వేర్వేరుగా గదులు కావాలి, తిరిగేందుకు చోటు కావాలి, మాంసం కావాలి, వైద్యం కావాలి. పత్రికలో మనకు కనిపించేవి మొదటి మూడు నెలలు. అధికారుల లెక్కలో ఉండవలసినవి పదిహేనేళ్ళు.

ఈ జాగ్రత్త లేనిచోట ఏమి జరిగిందో మన దేశ చరిత్రలోనే నిదర్శనాలున్నాయి. 1951లో రీవా సంస్థానపు అడవులలో ఒక తెల్లపులి కూన పట్టుబడింది. దానికి మోహన్ అని పేరు పెట్టారు. తెల్లపులి వేరొక జాతి కాదు. జన్యువులోని ఒక మార్పు వలన అరుదుగా ఆ రంగుతో పుట్టే మామూలు బెంగాలు పులి. ఆ రంగును నిలుపుకోవాలన్న కోరికతో మోహన్‌ను దాని సొంత కూతురుతోనే జత కలిపారు. 1958లో తెల్లని కూనలు పుట్టాయి. దేశవిదేశాల జంతుశాలలలో కనిపించే తెల్లపులులలో అత్యధికం ఆ వంశానివే. దగ్గరి రక్తసంబంధీకుల మధ్య తరతరాలుగా జరిగిన ఆ సంకరం వలన మెల్లకన్ను మొదలైన లోపాలు వాటిలో తలెత్తాయి. తెల్లపులి ఆవరణ వద్ద జనం గుమిగూడతారు, నిజమే. కాని ఆ జనసందోహం అడవిలోని పులికి చేసిన మేలు ఏమిటి? చూసేవారి కన్నుల కోసం కన్న సంతానం అది. పులి జాతి కోసం కన్నది కాదు.

సింహాల విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరిగింది. చండీగఢ్ సమీపంలోని ఛత్‌బీర్ జంతుశాలలో ఆసియా సింహాలను ఆఫ్రికా జాతికి చెందిన సర్కసు సింహాలతో కలిపారు. కూనలు పుట్టాయి, సంఖ్య పెరిగింది. కాని ఆ సంకర సంతానం గిర్ అడవుల సింహానికి వారసత్వం కాలేదు. వాటిలో అనేకం బలహీనమై రోగాల పాలయ్యాయి. చివరకు వాటి ప్రజననాన్నే నిలిపివేయవలసి వచ్చింది. సర్కసులలో సింహాలు, పులులు మొదలైన జంతువుల ప్రదర్శనను నిషేధిస్తూ 1998లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అప్పుడు విడుదలైన సింహాలకు ఆశ్రయమిచ్చిన కేంద్రాలలో విశాఖపట్నం, తిరుపతి జంతుశాలలకు చెందినవి కూడా ఉన్నాయి. అటువంటి కేంద్రాలలో పాటించిన నియమం ఒక్కటే: ఉన్న జంతువులను చివరిదాకా ఆదరించాలి, కొత్తగా కూనలు పుట్టకుండా చూడాలి. కూనలు పుట్టకపోవడమే విజయమైన జంతుశాలలు కూడా ఉంటాయని ఆ అనుభవం మనకు తెలియజేసింది.

అలాగని జంతుశాలలో పుట్టుక అంతా వృథా అనుకోవడం పొరపాటు. అందుకు హైదరాబాదే సాక్ష్యం. అక్కడి నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ప్రజలకు తలుపులు తెరిచింది. 380 ఎకరాల ఆ ప్రాంగణంలో 2010లో మూషిక జింకల సంరక్షక ప్రజననం ప్రారంభమైంది. కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, నగరంలోనే ఉన్న లాకోన్స్ ప్రయోగశాల ఇందుకు చేయూతనిచ్చాయి. మూషిక జింక మూడు కిలోలకు అటూ ఇటూ తూగే చిన్న ప్రాణి. దానికి కొమ్ములు ఉండవు. పగలు పొదలలో దాగి, రాత్రివేళ మేతకు బయలుదేరుతుంది. దాని కూన పుట్టినప్పుడు చిత్రాలు తీసేందుకు ఎవరూ పరుగెత్తరు. పేరు పెట్టే వేడుకా జరగదు. అయినా కొద్దిపాటి జంతువులతో మొదలైన ఆ మంద క్రమంగా వృద్ధి చెందింది. 2017లో కొన్నింటిని నల్లమలలోని ఆమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకువెళ్ళారు. ఒక్కసారిగా వదలకుండా, కంచె వేసిన చోట ముందుగా అడవికి అలవాటు చేశారు. జంతుశాలలో పుట్టిన కూన అడవికి తిరిగి వెళ్ళడం కంటే గొప్ప వార్త మరేమి ఉంటుంది?

విశాఖపట్నంలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల రేచుకుక్కల ప్రజననానికి పూనుకొన్నది. ఒకప్పుడు రేచుకుక్కను చంపినవారికి ప్రభుత్వమే బహుమానం ఇచ్చేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆ ప్రాణికి రక్షణ లేదు. ఇది గుంపుగా బతికే జంతువు. వేటకు వెళ్ళివచ్చినవి తిన్న మాంసాన్ని కక్కి, గుంపులోని కూనలన్నింటికీ పెడతాయి. ఒంటరి రేచుకుక్కను కటకటాల వెనుక నిలిపితే మనం చూసేది దాని రూపాన్నే గాని దాని జీవితాన్ని కాదు. దానికి కావలసినది విశాలమైన చోటు, తోటి గుంపు, జనం కంటబడని ఏకాంతం. కూనలను పెంచే రోజులలో ఆ ఏకాంతం మరింత అవసరం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. “మూషిక జింకను చూడటానికి ఎవరు వస్తారు? పులులు, సింహాలు, తెల్లపులులు ఉంటేనే జనం టిక్కెట్టు కొంటారు. ఆ ధనమే మిగిలిన జంతువులను పోషిస్తుంది గదా!” అని కొందరు అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. వందల జంతువుల మేతకు, మందులకు, సిబ్బంది జీతాలకు ధనం కావాలి. మొదట పులి కోసం వచ్చిన బాలుడే తరువాత అడవిని ప్రేమించడం నేర్చుకోవచ్చు. కాబట్టి పులి ఉండవద్దని ఎవరూ అనరు. ఆకర్షణ కోసమే కూనలను కనిపించడం వద్దని మాత్రమే మన వాదన. జనం చూపు తిప్పుకునేసరికి ఆ కూన పెద్ద పులి అవుతుంది. దాని చోటు కోసం పాత జంతువులు ఇరుకున పడతాయి. అప్పుడు మళ్ళీ కొత్త ఆకర్షణ కోసం మరొక కాన్పు అవసరమవుతుంది. ఈ చక్రం ఎక్కడా ఆగదు.

జంతువులను చూపే పద్ధతి మారకూడనిదేమీ కాదు. 1907లో జర్మనీలోని హాంబర్గు నగరంలో కార్ల్ హాగెన్‌బెక్ ఇనుప కటకటాలకు బదులు కందకాలతో ఆవరణలు నిర్మించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. హైదరాబాదు జంతుశాలలోనూ కందకాల ఆవరణలే ప్రధానం. రాత్రివేళ మెలకువగా ఉండే జంతువుల కోసం వెలుగు చీకట్లను తారుమారు చేసిన నిశాచర గృహం కూడా అక్కడ ఉంది. ఇవన్నీ ఒకప్పుడు కొత్త ఆలోచనలే. మరి రాబోయే కాలపు కొత్త ఆలోచన ఏది?

మొదటిది, జంతువు కంటే ముందు చోటు సిద్ధం కావాలి. జత కలపడానికి ముందే పుట్టబోయే కూన ఎక్కడ ఉండాలో, ఏ జంతుశాలకు వెళ్ళాలో కాగితం మీద నిర్ణయం జరగాలి. చోటు లేనప్పుడు ఆడ మగ జంతువులను వేరుగా ఉంచడం నిర్దయ కాదు, వివేకం.

రెండవది, సందర్శకులకు కనిపించని నిర్మాణాలకు ప్రాధాన్యం పెరగాలి. 2021 మే నెలలో హైదరాబాదు జంతుశాలలోని ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు తేలింది. ప్రత్యేకంగా ఉంచి, చికిత్స చేయగా అవి కోలుకున్నాయి. వైద్యశాల, వేరుపరచి ఉంచే గదులు, కాపలా వ్యవస్థ ఎంత ముఖ్యమో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. కాపలా సంగతి చెప్పవలసి వస్తే, 2000 అక్టోబరులో ఇదే ప్రాంగణంలో దుండగులు ఒక ఆడపులిని చంపి చర్మం ఒలుచుకుపోయారు. దేశాన్ని కలచివేసిన ఆ ఘటనను కొత్త ప్రణాళికలు గీసే ప్రతి చేయి గుర్తుంచుకోవాలి. ఈనగాచి నక్కల పాలు చేయడమంటే అదే గదా!

మూడవది, మన నేలకు చెందిన ప్రాణులకు మన జంతుశాలలలో అగ్రస్థానం దక్కాలి. దూరదేశపు జంతువును తెప్పించడం కంటే నల్లమలలోని మూషిక జింకను, తూర్పు కనుమలలోని రేచుకుక్కను మన పిల్లలకు పరిచయం చేయడం మిన్న. బంధించి చూపదగని ప్రాణులను బొమ్మలతో, చిత్రాలతో, కథనంతో పరిచయం చేయవచ్చు. ఇక లేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. ఆ కథను చెప్పే ఒక గది ఉంటే, అందులో ఒక్క పక్షి లేకపోయినా అది గొప్ప ప్రదర్శనే అవుతుంది.

వన్యప్రాణుల సంరక్షణకు అండగా నిలవడమే జంతుశాలల ప్రధాన లక్ష్యమని 1998 నాటి జాతీయ విధానం స్పష్టం చేసింది. ఆ లక్ష్యం ఒక్క అధికారులది మాత్రమే కాదు. ఆవరణ ముందు నిలబడి కేకలు వేసేవారు, నిద్రిస్తున్న జంతువును లేపాలని రాళ్ళు విసిరేవారు, తినకూడని పదార్థాలను లోపలికి విసిరేవారు మనలోనే ఉన్నారు. తల్లి తన కూనతో చాటుకు వెళ్ళిపోతే “ఏమీ కనిపించలేదు, డబ్బు దండుగ” అని నొచ్చుకునేవారూ మనలోనే ఉన్నారు. జంతువుకు చాటుకు వెళ్ళే హక్కు ఉందని సందర్శకుడు అంగీకరించిననాడు జంతుశాల సగం బాగుపడినట్లే.

ఈసారి పత్రికలో కూనల చిత్రం కనిపించినప్పుడు మనం తప్పక సంతోషిద్దాం. కాని అక్కడితో ఆగక, ఐదేళ్ళ తరువాత ఆ కూన ఎక్కడ ఉన్నదో, ఎలా ఉన్నదో కూడా అడిగి తెలుసుకుందాం. ఆ ప్రశ్న అడిగేవారు పెరిగితే, జవాబు చెప్పవలసినవారు చోటు సిద్ధం చేసిన తరువాతనే కూనను ఆహ్వానిస్తారు.