మా జేజి తెల్లమాత్తరలు

సంక్రాంతికి ప్రొద్దుటూరు పోతే మా జేజి మిద్దె మెట్లు చకచకా ఎక్కేస్తోంది. నిరుడు మోకాళ్ళు పట్టుకుని మూలిగిన మనిషి! "ఆర్‌ఎంపీ తెల్లమాత్తరలిచ్చినాడు రా, రెండు దినాల్లో నొప్పి మాయం" అంది. కానీ మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరు కొత్తగా వచ్చింది, కాలి మీద పుండు నెలైనా మానలేదు. స్ట్రిప్పు తిప్పి చూస్తే ప్రెడ్నిసొలోన్. అంటే స్టెరాయిడ్.

మన భాషలో చెప్పాలంటే ఇది బగ్ ఫిక్స్ కాదు, అలర్టులు మ్యూట్ చేయడం. ఈ మందు కణంలోకి దూరి, అక్కడున్న రిసెప్టర్‌ని పట్టుకుని, కేంద్రకంలోకి పోయి, వాపు పుట్టించే జన్యువుల నోరు నొక్కుతుంది. లింఫోసైట్లు తగ్గుతాయి. మాక్రోఫేజ్‌లు మందగిస్తాయి.

అసలు తమాషా బ్లడ్ రిపోర్టులో ఉంది. తెల్లకణాలు ఎక్కువున్నాయి. "చూడు, శక్తి పెరిగింది" అన్నాడు మా చిన్నాయన. నిజానికి రక్తనాళాల గోడలకు అతుక్కుని కాపలా కాసే న్యూట్రోఫిల్స్ పట్టు వదిలేసి రక్తంలో తేలుతున్నాయి. లెక్కలో పెరుగుతాయి, పుండు దగ్గరికి మాత్రం సరిగా చేరవు. డ్యాష్‌బోర్డు పచ్చగా, సర్వరు డౌన్ అన్నమాట (మనకు కొత్తేం కాదు లెండి).

అలాగని స్టెరాయిడ్ విలన్ కాదు. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఏం తేల్చింది? రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌తో వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం లాభం కనపళ్ళేదు. మనవాళ్ళు రెండో సగం చదవలేదు. 2021లో మామూలు జ్వరానికే మింగినవాళ్ళెందరో! షుగరూ, స్టెరాయిడూ కలిసినచోట బ్లాక్ ఫంగస్‌కి తలుపులు తెరుచుకున్నాయి. ఆ మే నెలలో మన ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చాల్సి వచ్చింది.

ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. కూలి పోగొట్టుకుని పెద్దాసుపత్రిలో క్యూ కట్టలేని వాళ్ళకు ఆయనే దిక్కు. నా కోపమల్లా చీటీ అడక్కుండా, అదేం మందో చెప్పకుండా నెలల తరబడి అమ్మిన మెడికల్ షాపు మీద.

నేనైతే ఆవేశంలో ఆ రోజే మాత్రలు పారేయబోయాను. డాక్టరు ఆపారు. ఇన్నాళ్ళు బయటి నుంచి అందేసరికి అడ్రినల్ గ్రంథి సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం మానేసి ఉంటుందట, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందట. వారానికింత అని తగ్గిస్తున్నాం.

మోకాళ్ళ నొప్పి మళ్ళీ మొదలైంది. రాత్రి ఫోన్ చేస్తే ఒకటే తిట్లు... "నీ చదువు సల్లగుండ, నా మాత్తరలు నాకియ్ రా" అని.