మెతుకుసీమకు తెరచాపతో పనేమి?

కాకినాడ రేవు నుంచి హోప్ ఐలాండుకు చిన్న తెరచాప పడవలో వెళ్ళిరావడం ప్రాణాలతో చెలగాటమనీ, కలిగినవారి వేడుక అనీ, అందునా మెదకు వంటి మెట్టసీమ వాళ్ళకు సముద్రం ఊసెందుకనీ ఆక్షేపించే మిత్రులున్నారు. ఈ మూడు మాటల్లో ఒక్కదాన్నీ నేను అంగీకరించను.

మూడోదానితోనే మొదలుపెడతాను. మా ఊరి ఖిల్లా కాకతీయుల నాటిదని ప్రతీతి. ఆ వంశానికి చెందిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు దోచుకునేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ ముట్టనన్నాడు. సముద్రానికి అంత దూరాన ఓరుగల్లులో కూర్చున్న రాజుకు సముద్రం మీదివాడి కష్టం తెలిసింది. మనకెందుకు తెలియకూడదు?

ఇక చెలగాటం మాట. ఋతుపవనాల జోరు లేని రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం నుంచి నేలకు మళ్ళుతుంది. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి తోడు. ఎదురుగాలి తగిలితే అటొక మలుపు, ఇటొక మలుపుగా ఏటవాలున సాగాలి; గాలి ముదిరితే తెరచాప వైశాల్యం తగ్గించుకోవాలి. లైఫ్ జాకెట్ విప్పకూడదు, తిరిగివచ్చే వేళ ఒడ్డున ఒకరికి చెప్పి కదలాలి, ఆకాశం అనుమానంగా ఉంటే అసలు కదలనే కూడదు. ఇది తెగింపు కాదు, చదువు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకులతో మునిగినది మోటారు బోటు. వరద గోదావరిలోకి దాన్ని పోనిచ్చిన నిర్లక్ష్యాన్ని వదిలేసి, నీటి మీది ప్రయాణాన్నే తప్పుపట్టడం ఏం న్యాయం?

కలిగినవారి వేడుక అంటారా? ఇంజన్లు రాకముందు మన పల్లెకారులను సముద్రం మీద నడిపింది తెరచాపే. వాళ్ళేమన్నా జమీందారులా? హుసేన్ సాగర్‌లో హైదరాబాదు యాట్ క్లబ్బు పేదింటి పిల్లలకు ఈ విద్య నేర్పింది, వాళ్ళు జాతీయ పతకాలు గెలిచారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, 2018 మే నెలలో భూమి చుట్టి వచ్చిన నౌకాదళపు 56 అడుగుల 'తారిణి'లో ఆరుగురు మహిళలుంటే, ఇద్దరు మన ఆడపడుచులు: విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. ఐశ్వర్య ఊరికీ సముద్రం లేదు.

హోప్ ఐలాండును విహారస్థలంగా మార్చి పాడుచేయమనడం లేదు. అది గోదావరి ఒండ్రుతో ఏర్పడి, కాకినాడను అలల తాకిడి నుంచి కాస్తున్న ఇసుకదిబ్బ. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఋతువులో దాన్ని వాటికే వదిలేద్దాం. మిగిలిన రోజుల్లో, గాలి నెరిగిన సరంగుల చేత మన పిల్లలకు చుక్కాని పట్టడం నేర్పిద్దాం, నేర్పినందుకు వారికి గురువుల జీతమే ఇద్దాం. ఆ సరంగులు వృద్ధులవుతున్నారు. వారితోపాటు ఆ విద్యా, దాని మాటలూ పోతే, తెరచాప మనకు నిఘంటువులోనే మిగులుతుంది.

నీళ్ళంటే భయపెట్టి పెంచిన పిల్లలకు ఈత రాదు. ఆ పాపం నీళ్ళది కాదు.