మునిగే ఊళ్లను చూపించాలంటే

పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంతవరకు నిండితే గోదావరి ఒడ్డున కోయ, కొండరెడ్డి గూడేలు ఎన్నో నీటి కిందికి పోతాయి. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. మన దగ్గర వర్చువల్ రియాలిటీ గురించి మాట్లాడాలంటే నా ఆలోచన ముందు అటే వెళ్తుంది.

బాహుబలి నిర్మాతలు మాహిష్మతిని హెడ్‌సెట్‌లో చూపించి ఏళ్లయింది. లేని రాజ్యం కోసం అంత శ్రద్ధ పెట్టినవాళ్లం, ఉన్న ఊరిని ఎందుకు దాచుకోలేం? పద్ధతి తెలిసిందే. ఇంటిని అన్ని వైపుల నుంచీ, ఒక ఫొటోలో కనిపించిన భాగం పక్క ఫొటోలోనూ కొంత పడేలా, వందల ఫొటోలు తీస్తే కంప్యూటర్ త్రీడీ రూపం కడుతుంది. వెదురు తడిక మీద మట్టి మెత్తిన చేతివేళ్ల గుర్తులు, చూరుకు వేలాడే సొరబుర్ర కూడా అందులోకి వస్తాయి. గూడేల్లో పాడే రేలా పాటలను మాత్రం పాడేవాళ్ల దగ్గరే, వాళ్లు ఒప్పుకుంటేనే, రికార్డు చేయాలి.

నిర్వాసితులకు రావాల్సిన భూమికీ పరిహారానికీ ఈ త్రీడీ రూపం బదులని ఎవరైనా అంటే ఒప్పుకోను.

వర్చువల్ రియాలిటీలో వ్యాపార అవకాశాలూ ఉన్నాయి. 2027 పుష్కరాలకు కదల్లేని పెద్దలకు రాజమండ్రి ఘాట్లను ఇంట్లోనే చూపించవచ్చు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసును, అల్లే చేతుల పక్కనే కూర్చున్నట్టు, విదేశీ కొనుగోలుదారులకు చూపించవచ్చు. గూడేలను అలా టికెట్టు పెట్టి చూపిస్తే, వచ్చే డబ్బులో వాటా నిర్వాసితులకు రాతపూర్వకంగా దక్కాలి. మొదటి ప్రతి వాళ్ల కాలనీ బడికి చేరాలి.