ఏ బోర్డు కొనాలి?

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే మా పై ఫ్లాట్‌లో ఉండే బ్యాంకు ఉద్యోగి వాళ్లమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది, ఎలక్ట్రానిక్స్. ప్రాజెక్టు చెయ్యాలి. ‘‘నలుగురు పిల్లలు కలిసి తలా రెండు వేలు వేసుకుంటే రెడీమేడ్‌గా చేసి, రిపోర్టుతో సహా ఇచ్చేస్తారటండీ. ఈ పిల్లేమో నేనే చేస్తానంటుంది. చేస్తే చెయ్యనీండి గానీ... ఏ బోర్డు కొనాలో తెలియక వారం రోజుల్నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటోంది’’ అన్నారాయన.

అమ్మాయి చేతిలో ఓ కాగితం. దాని మీద ఎనిమిది పేర్లు... 8051, పిక్, ఆర్డూయినో, ఈఎస్‌పీ32, ఎస్‌టీఎం32, పికో, మైక్రోబిట్, రాస్ప్‌బెర్రీ పై. ‘‘వీటిలో ఏది మంచిది అంకుల్?’’

ఇది ‘కూరగాయల్లో ఏది మంచిది?’ అన్నట్టే ఉంటుంది. పప్పులోకా, పులుసులోకా చెప్పకుండా ఏం చెబుతాం? అందుకే ఎదురు ప్రశ్న వేశాను. ‘‘ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?’’

మా అపార్ట్‌మెంట్‌లో రోజూ జరిగే గొడవే ఆమె ప్రాజెక్టు. సెల్లార్‌లో సంపు, డాబా మీద ట్యాంకు. వాచ్‌మన్ మోటారు వేసి మరిచిపోతే నీళ్లు కారిపోతాయి. సంపు ఖాళీ అయ్యాక కూడా మోటారు తిరిగితే కాలిపోతుంది. అంతకుముందు వేసవిలో ఒకసారి కాలింది కూడా. వైండింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దానిమీద అసోసియేషన్ మీటింగ్‌లో రెండు గంటల రభస!

చిప్ వేరు, బోర్డు వేరు

ముందుగా మైక్రోకంట్రోలర్ అంటే ఏమిటో చూద్దాం. వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్, రిమోట్, బైక్ మీటరు... వీటన్నిటిలోనూ గోరంత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. లెక్కలు చేసే భాగం, ప్రోగ్రాం దాచుకునే చోటు, కాస్త జ్ఞాపకశక్తి, బయటి తీగలు తగిలించే కాళ్లు... అన్నీ ఒకే చిప్‌లో. ఒకే పనిని ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేస్తూ ఉండటమే దాని ఉద్యోగం.

ఆ చిప్‌ను అలాగే కొంటే దానికి కరెంటు సరఫరా, ప్రోగ్రాం ఎక్కించే పరికరం అన్నీ మనమే అమర్చుకోవాలి. ఆ తంటాలు లేకుండా అన్నీ బిగించి, యూఎస్‌బీ సాకెట్ కూడా పెట్టి ఇచ్చేదే డెవలప్‌మెంట్ బోర్డు. చిప్ బియ్యమైతే, బోర్డు వండిన అన్నం అన్నమాట.

అమ్మాయి కాగితం మీదున్న ఎనిమిదిలో కొన్ని చిప్‌ల పేర్లు, కొన్ని బోర్డుల పేర్లు. చివరిదైన రాస్ప్‌బెర్రీ పై అసలు ఈ జాతే కాదు. 2012లో వచ్చిన ఆ బోర్డు లినక్స్‌తో నడిచే పూర్తిస్థాయి చిన్న కంప్యూటర్. ట్యాంకు నిండిందో లేదో చూడటానికి దాన్ని పెట్టడమంటే పక్కవీధికి పాలప్యాకెట్ కోసం లారీలో వెళ్లడమే.

ఇంటిపేర్లు తెలుసుకుందాం

మనుషులకు ఇంటిపేర్లున్నట్టే చిప్‌లకూ కుటుంబాలున్నాయి. ఒక కుటుంబంలో చిన్నాపెద్దా చిప్‌లు ఎన్నున్నా వాటి భాష, అలవాట్లు ఒక్కటే. ఒకదానితో పరిచయమైతే మిగతావాటితో చుట్టరికం కలిసినట్టే.

వీటిలో తాతగారు 8051. ఇంటెల్ సంస్థ 1980లో తెచ్చింది. అందులో ప్రోగ్రాంకు 4 కిలోబైట్లు, తాత్కాలిక జ్ఞాపకానికి 128 బైట్లు మాత్రమే. ఈ పేరాను దాచుకోవడానికి కూడా ఆ 128 బైట్లు చాలవు! ఇంటెల్ దాని తయారీ మానేసినా వేరే కంపెనీలు అదే వంశంలో చిప్‌లు చేస్తూనే ఉన్నాయి. మన కాలేజీల సిలబస్‌లోనూ తాతగారికి ఇప్పటికీ పెద్దపీటే. చిప్ లోపల ఏం జరుగుతుందో అర్థం కావాలంటే ఇంతకు మించిన పలక లేదు. ప్రాజెక్టుకు మాత్రం అన్నీ బయటినుంచి తగిలించుకోవాలి.

తర్వాతిది పిక్. 1970ల్లో పుట్టి, మైక్రోచిప్ సంస్థ చేతుల్లో పెరిగింది. గట్టి పిండం. ఫ్యాక్టరీల్లో, ఇన్వర్టర్లలో ఏళ్లపాటు నమ్మకంగా పనిచేస్తుంది. ప్రోగ్రాం ఎక్కించడానికి చాలావాటికి విడిగా ఓ పరికరం కావాలి. కొత్తవాళ్లకు మొదటి ఇబ్బంది అదే.

మూడోది ఏవీఆర్. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఇద్దరు విద్యార్థులు, ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వేగార్డ్ వోలన్ ఆలోచించిన నమూనా ఇది. 1990ల చివర్లో అట్మెల్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. విచిత్రమేమిటంటే, దశాబ్దాలపాటు పోటీపడిన పిక్, ఏవీఆర్ ఇప్పుడు ఒకే గూటి పక్షులు. 2016లో అట్మెల్‌ను మైక్రోచిప్ కొనేసింది.

ఈ ఏవీఆర్‌కు పేరు తెచ్చింది ఆర్డూయినో. ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో డిజైన్ విద్యార్థుల కోసం మాసిమో బాంజీ, ఆయన మిత్రులు 2005లో తయారుచేసిన బోర్డు. ఎలక్ట్రానిక్స్ రానివాళ్లు కూడా ఓ మధ్యాహ్నంలో దీపం వెలిగించగలగాలన్నది వాళ్ల పట్టుదల. వాళ్లు కూర్చునే బార్ పేరే బోర్డుకు పెట్టేశారు. ఆ బార్‌కేమో వెయ్యేళ్ల కిందటి రాజు అర్డూయినో పేరు! డిజైన్‌ను దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు కాబట్టే దానికి ఇన్ని చౌక నకళ్లు, ఇన్ని పాఠాలు. 2010లో వచ్చిన యూనో బోర్డులో 32 కిలోబైట్ల ప్రోగ్రాం చోటు, 2 కిలోబైట్ల జ్ఞాపకం ఉంటాయి. ఇప్పటి లెక్కల్లో అది ఏ మూలకూ రాదు. కానీ 5 వోల్టులతో నడుస్తుంది, చిన్నచిన్న తప్పులను ఓర్చుకుంటుంది.

ఇక్కడో జాగ్రత్త. బోర్డు పేరు ఒక్కటైనా లోపలి కుటుంబం మారిపోవచ్చు. 2023లో వచ్చిన యూనో ఆర్4లో ఉన్నది ఏవీఆర్ కాదు, రెనెసాస్ సంస్థ చిప్. పాత ప్రోగ్రాంలు కొన్ని అందులో నడవకపోతే మీ తప్పనుకోకండి.

కుర్రకారు

ఇక కొత్త తరం. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ చేసిన ఈఎస్‌పీ8266 చిప్ 2014లో ఔత్సాహికుల చేతికొచ్చింది. కొద్దిపాటి ధరకే వైఫై! 2016లో వచ్చిన ఈఎస్‌పీ32లో వైఫైతోపాటు బ్లూటూత్, 240 మెగాహెర్ట్‌జ్ వేగంతో రెండు మెదళ్లు, 520 కిలోబైట్ల జ్ఞాపకం. యూనోకి 250 రెట్లు పైమాటే. ఫోన్‌కు సమాచారం పంపాలంటే ఇదే చవకైన దారి.

ఎస్‌టీఎం32 కుటుంబం 2007లో మొదలైంది. మన ఫోన్లలో ఉండే ఏఆర్‌ఎం జాతిదే. ఉద్యోగానికి పనికొచ్చే విద్య కావాలంటే ఇది నేర్చుకోవాలి. అయితే చాలా లోతు, మాన్యువల్ చూస్తేనే గుండె జారుతుంది. ‘బ్లూ పిల్’ పేరుతో అమ్మే చౌక బోర్డుల్లో నకిలీ చిప్‌లు బాగా తిరుగుతున్నాయి, జాగ్రత్త.

రాస్ప్‌బెర్రీ పై వాళ్లే 2021లో పికో అనే బోర్డు తెచ్చారు. ఇది కంప్యూటర్ కాదు, అచ్చమైన మైక్రోకంట్రోలర్. విడుదలైనప్పుడు ధర 4 డాలర్లు. పైథాన్ భాష వచ్చిన పిల్లలకు హాయిగా ఉంటుంది. హైస్కూలు పిల్లలకైతే మైక్రోబిట్. బ్రిటన్‌లో బీబీసీ 2016లో బడిపిల్లలకు ఉచితంగా పంచిన బోర్డిది. పాతిక చిన్న దీపాలు, కదిలిస్తే పసిగట్టే సెన్సర్ బోర్డు మీదే ఉంటాయి. తీగలతో పనిలేకుండానే ఆట మొదలెట్టొచ్చు.

మనవాళ్లూ ఊరుకోలేదు. సీడాక్ సంస్థ ‘తేజస్32’ అనే చిప్‌ను, దానితో ‘ఏరీస్’ బోర్డులను తయారుచేసింది.

నేను కాల్చిన బోర్డు

ఇన్ని చెప్పేసరికి అమ్మాయి ‘‘అయితే ఈఎస్‌పీ32 కొనేస్తాను. అన్నిట్లోకీ అదే పెద్దది కదా’’ అంది. అప్పుడు నా కథ చెప్పాల్సి వచ్చింది.

మొదటిసారి ఈఎస్‌పీ32 కొన్నప్పుడు నేనూ ఇలాగే మురిసిపోయాను. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌ను నేరుగా తగిలించాను. ఆ సెన్సర్ తిరిగి పంపే సంకేతం 5 వోల్టులు. ఈఎస్‌పీ32 కాళ్లు 3.3 వోల్టులే తట్టుకుంటాయి. వారం రోజులు చక్కగా పనిచేసింది. ఎనిమిదో రోజు ఆ కాలు చచ్చిపోయింది. ప్రోగ్రాంలోనే తప్పుందనుకుని రెండు రాత్రులు జాగారం చేశాను. మధ్యలో ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లు వేసి వోల్టేజీ తగ్గించి ఉంటే సరిపోయేది. వాటి ఖరీదు రెండు మూడు రూపాయలు! కొత్త బోర్డులు చాలావరకు 3.3 వోల్టులవే. బజార్లో దొరికే సెన్సర్లు, రిలేలు చాలావరకు 5 వోల్టులవి. బోర్డు కొనేముందు వాటికీ వీటికీ జాతకాలు కలుస్తాయో లేదో చూడాలి.

నాలుగు ప్రశ్నలు

అందుకే ఆమెకు నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. ఎవరికైనా ఇవే.

ఒకటి: ఎన్ని తీగలు లోపలికి, ఎన్ని బయటికి? రెండు: వైఫై నిజంగా కావాలా, పెట్టే చోట సిగ్నల్ ఉందా? మూడు: కరెంటు గోడలోంచా, బ్యాటరీలోంచా? మామూలు యూనో బోర్డు ఊరికే కూర్చున్నా 40, 50 మిల్లీయాంపియర్లు తాగేస్తుంది. 9 వోల్టుల చిన్న బ్యాటరీ ఒక్కరోజు కూడా రాదు. పొలంలో తేమ కొలిచే పరికరానికైతే నిద్రపోవడం తెలిసిన చిప్ కావాలి. నాలుగు: రాత్రి పదింటికి పని ఆగిపోతే అడగడానికి ఎవరున్నారు? సీనియర్లకు, స్నేహితులకు తెలిసిన బోర్డే సగం బలం.

రెండు రోజుల తర్వాత ఆమే వచ్చింది. ‘‘అంకుల్, ట్యాంకులో పైన ఒకటి, కింద ఒకటి, సంపులో ఒకటి ఫ్లోట్ స్విచ్‌లు చాలు. మూడు లోపలికి, ఒకటి బయటికి. సెల్లార్‌లో నా ఫోన్‌కే సిగ్నల్ లేదు, వైఫై ఎక్కడిది? యూనో చాలు’’ అంది. నాకు ముచ్చటేసింది. నకలు బోర్డు, స్విచ్‌లు, రిలే అన్నీ కలిపి రెండు వేలలోపే అయ్యాయి. కోఠీ గుజరాతీ గల్లీలో ఓ మధ్యాహ్నం తిరిగితే అన్నీ దొరికాయి.

అంతా సాఫీగా జరిగిందా అంటే, లేదు. మోటారు ఆన్ అయిన ప్రతిసారీ బోర్డు ఉలిక్కిపడి మళ్లీ మొదటికొచ్చేది. స్టార్టర్ కొట్టుకుంటున్న చప్పుడు సెల్లారంతా. వాచ్‌మన్ హడలిపోయాడు. పెద్ద మోటారు స్టార్టర్ కాయిల్ వదిలే విద్యుత్ కుదుపు అది. ఖరీదైన బోర్డు పెట్టినా ఇదే జరిగేది. కాయిల్‌కు అడ్డంగా స్నబ్బర్, బోర్డుకు విడిగా పవర్ సప్లై, పైనుంచి వచ్చే పొడవాటి తీగలకు ఆప్టోకప్లర్లు పెట్టాక శాంతించింది. ఇంకో రెండు జాగ్రత్తలు ఆమే ఆలోచించింది. కరెంటు పోయి వస్తే నిమిషం ఆగి గానీ మోటారు వెయ్యకూడదు. 40 నిమిషాలు దాటినా ట్యాంకు నిండకపోతే ఎక్కడో తేడా ఉందని ఆపెయ్యాలి. 230 వోల్టుల వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాం. రిలే మీద ‘10 యాంపియర్లు’ అని రాసుంది కదా అని మోటారు నేరుగా తగిలించకండి. మోటారు మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే చెయ్యాల్సింది స్టార్టర్‌కు సైగ చెయ్యడం వరకే.

వైవాలో ఎగ్జామినర్ అడిగారట. ‘‘ఇంత మంచి బోర్డులొచ్చాక ఇంకా యూనో ఏమిటమ్మా?’’ అని.

‘‘మా సెల్లార్‌లో వైఫై లేదు సార్. మూడు స్విచ్‌లు చదవడానికి ఇంతకంటే అక్కర్లేదు. కుదుపు సమస్య బోర్డు మారిస్తే పోదు’’ అందట. రెడీమేడ్ ప్రాజెక్టు పట్టుకెళ్లిన జట్టును, లోపలున్న చిప్ ఎన్ని వోల్టులదని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

వాళ్ల నాన్నగారు మొన్న లిఫ్ట్‌లో కనిపించారు. ‘‘రెండు వేలు మిగిలాయండీ’’ అన్నారు. మిగిలింది రెండు వేలేనా అని నేను అడగలేదు. డాబా మీద నీళ్లు కారిన చప్పుడు విని చాలా నెలలైంది. వాచ్‌మన్ కూడా హాయిగా నిద్రపోతున్నాడు.