తెర మీది ఊరు ఎవరిది?

చదివే ముందు

ఇది అభిప్రాయ వ్యాసం. ఇందులో చెప్పిన విషయాలు వేరు, వాటి మీద వ్యాసకర్త అభిప్రాయం వేరు. రెండింటినీ విడదీసి గుర్తిస్తూ చదవండి.

వ్యాసం

మీ ఊళ్లో ఎప్పుడైనా షూటింగ్ జరిగిందా? జరిగి ఉంటే ఆ నాలుగు రోజులూ ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. జనం పనులు మానుకొని గుమిగూడతారు. ఒకరు ఇల్లు ఇస్తారు, ఒకరు ఎడ్లబండి ఇస్తారు, ఒకరు మంచినీళ్లు మోస్తారు. బొమ్మ తెర మీదికి వచ్చాక "అదిగో, మన వీధి!" అని చూపించుకొంటారు. ఊరికీ ఆ బొమ్మకూ ఉన్న సంబంధం అంతటితో తీరిపోతుందా? తీరిపోకూడదని నా అభిప్రాయం. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషులో రాసిన కథలు చాలావరకు మాల్గుడి అనే పట్టణంలో జరుగుతాయి. 1935లో వచ్చిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' నవలతో ఆ పట్టణం పాఠకులకు పరిచయమయింది. పటంలో వెదికితే అది కనిపించదు. అది రచయిత ఊహలో పుట్టిన పట్టణం. ఆయన నవల ఆధారంగా తీసిన 'గైడ్' చిత్రం 1965లో వచ్చింది. దానిని తీసినవారు మాల్గుడి వాతావరణాన్ని వదిలి, ఉదయపూర్ వంటి ఆడంబరమైన చోట్లకు కథను తరలించారు. అది నారాయణ్‌కు నచ్చలేదు. ఆ సంగతి ఆయన తరువాత ఒక వ్యాసంలో రాశారు కూడా.

శంకర్ నాగ్ దర్శకత్వంలో దూరదర్శన్ కోసం 'మాల్గుడి డేస్' ధారావాహిక తీసినప్పుడు ఆ పొరపాటు జరగలేదు. లేని పట్టణానికి ఉన్న ఊరినే ఎంచుకొన్నారు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, తీర్థహళ్లి తాలూకాలోని ఆగుంబెలో ఎక్కువ భాగం చిత్రీకరించారు. పడమటి కనుమల మీద ఉన్న చిన్న ఊరది. అక్కడ ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అంటే హైదరాబాదులో పడే వానకు సుమారు తొమ్మిది రెట్లు! అక్కడి 'దొడ్డ మనె' అనే పాత మండువా ఇల్లు తెర మీద స్వామి ఇల్లయింది. ఆగుంబెకు రైలు లేదు కాబట్టి, అదే జిల్లాలోని అరసాళు స్టేషను మాల్గుడి స్టేషనయింది. 1986లో ప్రసారం మొదలయ్యాక దేశమంతా ఆ వీధులను చూసింది. అయితే చూసినవారికి తెలిసిన పేరు మాల్గుడి. ఆగుంబె పేరు ఎందరికి తెలుసు?

ఊరివారికి ఆ ధారావాహికలో భాగం ఉందని నేను అంటాను. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది: కథ రచయితది, దర్శకత్వం దర్శకుడిది. కాని ఆ పెంకుటిళ్లు, అరుగులు, వానకు తడిసిన దారులు తరతరాలుగా అక్కడివారు కట్టుకొని, కాపాడుకొన్నవి. వారు వాటిని ఏనాడో పడగొట్టి ఉంటే కెమెరాకు దొరికేదేమిటి?

రెండవది: షూటింగ్ బృందం కొన్నాళ్లకు వెళ్లిపోతుంది. చూడవచ్చేవారు మాత్రం ఏళ్లతరబడి వస్తూనే ఉంటారు. అరసాళు స్టేషను పాత కట్టడాన్ని రైల్వేవారు బాగుచేసి, 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. అది మంచి పని. కాని దొడ్డ మనె మ్యూజియంగా కట్టినది కాదు, మనుషులు కాపురమున్న ఇల్లు. అలాంటి గడప తొక్కేముందు ఆ ఇంటివారిని అడగాలి. 'టీవీలో చూశాం' అన్నంత మాత్రాన ఒకరి వంటింట్లోకి వెళ్లే హక్కు మనకు రాదు.

మూడవది: ఆగుంబె అంటే స్వామి ఇల్లు ఒక్కటే కాదు. రాచనాగులు తిరిగే వానకారు అడవి అది. తెర మీది ఊరిని వెదుక్కొంటూ వచ్చి, అసలు ఊరిని చూడకుండా, ప్లాస్టిక్ సంచులు పారేసి వెళితే మనం చేసినది అభిమానమా, అపకారమా?

"పేరు వచ్చింది, నలుగురు వస్తున్నారు, టీ దుకాణం నడుస్తోంది. ఇంకేం కావాలి?" అని మీరు అడగవచ్చు. ఆ ఆదాయాన్ని నేను తక్కువ చేయను. కాని ఆ ఆదాయం దుకాణం ఉన్నవారికే ఎక్కువగా చేరుతుంది. రద్దీ, చెత్త మాత్రం ఊరందరి వంతు. అందుకే ఎందరు రావాలి, ఎక్కడిదాకా రావాలి అని నిర్ణయించడంలో ఊరివారి మాట చెల్లాలి.

మన దగ్గర మరో మార్గం కూడా ఉంది. 1996లో హైదరాబాదు శివార్లలో రామోజీ ఫిలిం సిటీ వెలసింది. అక్కడ కావలసిన వీధిని, స్టేషనును, గుడిని కట్టుకోవచ్చు. ఎవరికీ ఇబ్బంది ఉండదు, పని త్వరగా సాగుతుంది. కాని "అది మా వీధి" అనేవారు ఆ వీధికి ఉండరు. ముప్పై ఏళ్లు దాటినా మాల్గుడి నిజమైన ఊరిలా తోచడానికి, ఆ వీధుల్లో నిజంగా మనుషులు బతకడమూ ఒక కారణమని నేను నమ్ముతాను.

కాబట్టి రేపు మీ ఊరికి కెమెరా వస్తే సంతోషంగా రానివ్వండి. అయితే ముందే మూడు మాటలు అడగండి. మా ఊరి పేరు తెర మీద వేస్తారా? పాడైనదాన్ని బాగుచేసి వెళతారా? వద్దన్న చోటికి రాకుండా ఉంటారా? ఇలా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇల్లు ఇచ్చినవారు తమ ఇంటి మర్యాద నిలుపుకోవడమే.

ఆలోచించి రాయండి

1. ఊరివారికి ధారావాహికలో భాగం ఉందనడానికి వ్యాసకర్త చూపిన మూడు కారణాలను మీ మాటల్లో రాయండి.
2. వ్యాసకర్త అభిప్రాయంతో మీరు ఏకీభవించని అంశం ఏదైనా ఉందా? ఎందుకో అయిదారు వాక్యాల్లో రాయండి.
3. మీ ఊరిని తెర మీద చూపాలంటే మొదట ఏ చోటు చూపాలి? అక్కడ నివసించేవారిని అడిగి, ఆ చోటి గురించి ఒక పేరా రాయండి.