మొక్కుకి మా బిడ్డే దొరికిందా?

మాదిగవాడలో జ్వరమొస్తే ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, అమ్మవారు. దీన్ని మూఢనమ్మకమని ఎగతాళి చేసే పెద్దమనుషులకి ఒక్క మాట. ఆసుపత్రికి పోవాలంటే బస్సు చార్జీ కావాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. అమ్మవారు వాడలోనే ఉంటుంది. చీటీ అడగదు, కులమడగదు. అందుకే మొక్కిన మా అవ్వని నేను తప్పుపట్టను. కానీ ఆమె మొక్కిన మొక్కుని మాత్రం చచ్చినా ఒప్పుకోను.

1996లో మా అక్క కూతురికి ఏడేండ్లు. టైఫాయిడ్. మూడు వారాలకి పిల్ల మంచానికి అతుక్కుపోయింది. మాది అప్పటి చిత్తూరు జిల్లా. "తల్లీ, బిడ్డ బతికితే నీకే ఇడిచిపెడతా" అని అవ్వ మాతమ్మకి మొక్కింది. ఇడిచిపెట్టడమంటే గుడిలో తాళి కట్టడం. ఇక ఆ పిల్లకి పెండ్లి లేదు. పెద్దమనిషయినాక ఊళ్ళో ప్రతి మగోడికీ ఆమె మీద హక్కే. తెలంగాణలో జోగిని, అనంతపురం, కర్నూలు వైపు బసివి. పేర్లు వేరు, బలయ్యే వాడలు ఒకటే.

నేను పిల్లనెత్తుకుని పెద్దాసుపత్రికి పోయినా. సూదులు, మాత్రలతో పది రోజులకి లేచి కూచుంది. "చూసినావా నాయనా, తల్లి మాట నిలబెట్టుకుంది. ఇంక మనం నిలబెట్టుకోవాల" అంది అవ్వ. చుట్టాలంతా ఆమె వైపే. "నాలుగక్షరాలు నేర్చి దేవత కంటే పెద్దోడివయినావా?" అన్నారు.

"మేనమామగా నాకూ ఒక మాటుంది. కోడిని కోద్దాం, పొంగళ్ళు పెడదాం, నేనూ తింటా. పిల్లని మాత్రం ఇయ్యను" అన్నా. "అవ్వా, పెద్దింటోళ్ళ బిడ్డకీ జ్వరమొస్తుంది గదా, వాళ్ళెందుకు ఇడిచిపెట్టరు?" అనడిగినా. "వాళ్ళకా ఆచారం లేదు నాయనా" అంది.

అసలు గుట్టంతా ఆ మాటలోనే ఉంది. జ్వరానికి లేని కులం మొక్కుకెట్లా వచ్చింది? మా ఆడబిడ్డ ఊరికి ఊరికే దొరకాల. దానికి మా తల్లి పేరు అడ్డం పెట్టుకున్నారు. ఏ తల్లీ బిడ్డని మింగదు. మింగింది ఊరు.

1988లోనే దేవదాసీ సమర్పణ నిషేధ చట్టమొచ్చింది. మా అవ్వ మొక్కింది ఆ తర్వాత ఎనిమిదేండ్లకి. 2017లో కూడా మాతమ్మ ఆచారం మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకి నోటీసులివ్వాల్సి వచ్చింది. చట్టం ఊరిదాకా వచ్చి వాడ ముందర ఆగిపోయింది.

పిల్ల దక్కింది. పెరిగి, తనకిష్టమైనోణ్ణి పెండ్లాడింది. అవ్వ మాత్రం చచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ బాధ నాకుంది. అయినా చదువుకున్న మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చెప్తున్నా. వీధిలో మనువుని తిట్టి, ఇంట్లో మొక్కుకి తలూపితే మన తిట్లకి విలువ లేదు. సర్కారుని వాడకో డాక్టరునడుగుదాం. ఊరి పెద్దల్ని వాళ్ళ ఆచారానికి లెక్క అడుగుదాం. మన అవ్వలతో కూడా కొట్లాడదాం, కాళ్ళు పట్టుకునైనా సరే. అమ్మవారికి కోడి చాలు. బిడ్డ మనది.